రెండో గాడి, నాలుగో గాడి

ఎనభై. ఇందాక చూసినప్పుడూ ఎనభయ్యే. అంతకుముందు నీళ్లు తాగడానికి లేచినప్పుడు కూడా ఎనభయ్యేనేమో, కానీ అప్పుడు కళ్లద్దాలు పెట్టుకోలేదు కాబట్టి ఆ అంకెను సాక్ష్యంలోకి తీసుకోవడానికి వీల్లేదు. కంప్యూటరు తెర అడుగున ఆకుపచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి నిండుతోంది, అదైనా నిండుతోందో నిండుతున్నట్టు నటిస్తోందో చెప్పడం కష్టం. అది నూటికి చేరితే కూతురు తయారుచేసిన మూడు నిమిషాల బొమ్మల సినిమా, తేనెటీగ రెక్కలు ఎలా ఆడిస్తుందో పిల్లలకు చెప్పేది, పూర్తయినట్టు. ఆరు గంటలలోపు దాన్ని స్టూడియోకు పంపిస్తే ఆమె ఉద్యోగం నిలిచినట్టు. పోయినసారి రెండు గంటలు ఆలస్యమైంది, ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు, ఆ ఒక్కటీ ఇదే. ఇప్పుడు నాలుగూ ఇరవై. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేని కూతురు పక్కగదిలో ఒళ్లు తెలియకుండా పడుకుంది. పడుకోబోతూ తలుపు పట్టుకుని, "నాన్నా, గీత నిండగానే లేపు. దేన్నీ ముట్టుకోకు. మౌసు కూడా ముట్టుకోకు," అని మరీ చెప్పింది. ముట్టుకోవద్దని ఆయనకు చెప్పడం! ముప్ఫై మూడేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి, వందల కొట్లలో తక్కెడలు పట్టుకుని, ఒక్క పంచనామా కూడా కోర్టులో వీగిపోని మనిషికి. ఎక్కడ ముట్టుకోవాలో, ఎక్కడ చేతులు వెనక్కి కట్టుకుని చూడాలో ఆయనకు ఒకరు నేర్పాలా. ఆయన కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

బల్ల మీద, తెర పక్కనే, ఆ నల్లపెట్టె. ఒకవైపు గోడకు బదులు అద్దం. లోపల ఏముందో అందరికీ కనపడాలని అద్దం పెడతారట. ఇన్‌స్పెక్టరుకు ఆ అద్దం మీదే మొదటి అనుమానం. చూడండి చూడండి, నా దగ్గర దాపరికం లేదు అని తక్కెడ తెచ్చి గుమ్మం ముందు పెట్టుకునే కొట్టువాడి దగ్గరే పళ్లెం అడుగున అయస్కాంతం దొరుకుతుంది. అద్దంలోంచి ఫ్యాను తిరగడం కనిపిస్తోంది, వైర్లు కనిపిస్తున్నాయి, ప్రాసెసర్ పక్కన నాలుగు నిలువు గాడులు కనిపిస్తున్నాయి, మొదటి రెండిట్లో రెండు ర్యామ్ స్టిక్‌లు, అంటే కంప్యూటరు మెమరీ ముక్కలు, నల్ల రేకు తొడుగులు వేసుకుని, భుజం భుజం రాసుకుని నిలబడి ఉన్నాయి. మిగతా రెండూ ఖాళీ. దీన్నంతా బిగించింది అల్లుడు. అల్లుడు లిఫ్ట్ మెకానిక్. పది అంతస్తుల గోతిలో తాడు పట్టుకుని వేలాడేవాడికి కంప్యూటరు బిగించడం ఏం లెక్క అని కూతురు మురిసిపోయింది గానీ, ఇన్‌స్పెక్టరు మురవలేదు. పిల్లవాడు చెడ్డవాడని కాదు. చెడ్డవాడని రుజువు కాలేదు, అంతే. మాట్లాడడు. అడిగినదానికి అవుననో కాదనో అంటాడు, పని చేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తాడు, ఎదుటివాడి కళ్లలోకి మాత్రం చూడడు, భుజం మీదుగా ఎక్కడో గోడకేసి చూస్తాడు. కళ్లలోకి చూడని కొట్టువాణ్ని ఇన్‌స్పెక్టరు ఏనాడూ వదిలిపెట్టలేదు. నెల కిందట ఒక ఆదివారం భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి, అల్లుడు ఒక్కొక్క ముక్కా బిగిస్తుంటే ఈయన వెనక నిలబడి చూశాడు. "మావయ్యా, ఈ స్క్రూలు పట్టుకుంటారా," అని అల్లుడు అడిగితే పట్టుకున్నాడు కూడా, అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు. అప్పుడు ఆ ర్యామ్ ముక్కలు పెట్టాడు. ఒకటి పెట్టి, ఒక గాడి వదిలేసి, ఇంకోటి పెట్టాడు. మధ్యలో ఖాళీ. పన్ను ఊడిన నోరులాగా.

"మధ్యలో ఖాళీ ఎందుకు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"అది అలాగే ఉండాలి మావయ్యా," అన్నాడు అల్లుడు, గోడకేసి చూస్తూ.

అలాగే ఉండాలి! సర్వీసులో ఎన్నిసార్లు విన్నాడు ఈ మాట. ఈ సీసా అడుగు లోపలికి నొక్కినట్టుందేమిటయ్యా అంటే అలాగే ఉండాలండి. ఈ ముల్లు కాస్త ఎడమకు వాలిందేమిటి అంటే అది మొదట్నుంచీ అంతేనండి. ఎందుకో చెప్పగలిగినవాడు చెప్తాడు, చెప్పలేనివాడు అలాగే ఉండాలంటాడు. ఆ రోజే మనసులో ఒక మూల గుర్తు పెట్టుకున్నాడు. చనిపోయిన భార్య ఉంటే నవ్వేది, మీరు నిద్రలో కూడా తూకం వేస్తారండీ, నేను రోజూ పొద్దున్నే కాస్త తక్కువ తూగుతున్నానా ఏమిటి, అనేది. ఒకసారి ఆమె ఊరెళ్లి ఒకరోజు ముందుగానే తిరిగొస్తే, ఎందుకు ముందొచ్చావని అడిగాడు. ఊరికే, మీరు తినడం మానేస్తారని, అంది ఆమె. ఊరికే అన్న మాటను ఆయన వారం రోజులు అటూ ఇటూ తిప్పి చూశాడు, దాని వెనక ఇంకేదో ఉంటుందని. ఏమీ లేదు. ఇప్పుడు అది తలుచుకుంటే సిగ్గేస్తుంది, కానీ సిగ్గు వేరు, అలవాటు వేరు. ఎనభై మూడు. కదిలింది.

ఇవాళ మధ్యాహ్నం ఆ పిల్లవాడే స్వయంగా ఒప్పుకున్నాడు, అదీ అసలు సంగతి. ఒప్పుకోలు అంటే మాటలా! భోజనానికి వచ్చాడు, కూతురు ఈ తెర ముందు తల పట్టుకుని కూర్చుంది, పన్నెండింటికి మొదలుపెట్టాను, మూడు గంటల్లో అయిపోయే పని, ఇది చూస్తే అయిదు దాటేలా ఉంది, రెండు వారాల నుంచి ఇదే వరస అని ఏడుపు గొంతుతో అంది. అల్లుడు చెయ్యి తుడుచుకుని వచ్చి, తెర మీద ఒక చిన్న పెట్టెలాంటిది తెరిచాడు. అందులో బోలెడు అంకెలు. ఒక వరసలో ఛానెల్ అని, దాని ఎదురుగా సింగిల్ అని ఉంది. అల్లుడు అది చూశాడు. వంగి అద్దంలోంచి లోపలికి చూశాడు. తర్వాత తలెత్తి, ఇదిగో ఇక్కడే కూర్చున్న ఇన్‌స్పెక్టరు కళ్లలోకి చూశాడు. పెళ్లయిన నాలుగేళ్లలో మొట్టమొదటిసారి. ఒక్క రెప్పపాటు. చూసి, "పొరపాటు నాదే. మొన్నామధ్య తీసి పెట్టినప్పుడు ర్యామ్ తప్పు పెట్టాను. ఇప్పుడు ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. ఇది కానివ్వు, సాయంత్రం వచ్చి సరిచేస్తాను," అన్నాడు. కూతురు ఊరుకుంటుందా! పోయినసారి ఆలస్యమైంది నీ మూలాన్నా అంది, రెండు వారాల్నుంచి నన్ను చూస్తూ ఎలా ఉండగలిగావు అంది, నాన్న చెప్తూనే ఉన్నాడు అంది. ఆ చివరి మాటకు ఇన్‌స్పెక్టరు కాస్త కదిలి కూర్చున్నాడు. నిజమే, ఆయన చెప్తూనే ఉన్నాడు. చెవిన ఇల్లు కట్టుకుని కాకపోయినా, రోజుకొక చుక్క చొప్పున. కొన్నప్పుడు ఉన్న వేగం ఇప్పుడెందుకు లేదమ్మా, వస్తువు మారిపోయి ఉంటుంది చూసుకో, మీ ఆయన స్నేహితుడిది కంప్యూటర్ల దుకాణమే కదా అని. ఆ చుక్కలు ఎక్కడికి చేరుతున్నాయో కూడా ఆయన చూస్తూనే ఉన్నాడు, మొగుడు గదిలోకి రాగానే కూతురు ఫోను కేసి తిరగడం, అన్నం వడ్డించి లేచిపోవడం. బాధగానే ఉంది. కానీ బాధ కోసం తనిఖీ ఆపుతారా ఎవరైనా. అల్లుడు తినకుండానే, ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తే వెళ్లిపోయాడు.

తప్పు పెట్టాను అన్నాడు గానీ, మార్చాను అనలేదు. గట్టివాడు. పెద్ద తప్పు దాచుకోవడానికి చిన్న తప్పు ఒప్పుకుంటారు, ఇన్‌స్పెక్టరు దగ్గరా ఈ పప్పులుడికేది! ఆయన ఊరికే అనుమానించే మనిషి కాదు, లెక్క ఉంది. రెండు వారాల కిందట, గురువారం, ఇద్దరూ బయటికి వెళ్లినప్పుడు, ఆయన శాస్త్రప్రకారం తనిఖీ చేశాడు. ప్లగ్గు తీశాడు. అద్దం తలుపు స్క్రూలు నాలుగూ తీసి సాసర్లో పెట్టాడు. ర్యామ్ స్టిక్‌ల చివర చెవుల్లాంటి కొక్కేలు ఉంటాయి, వాటిని నొక్కి రెండిటినీ బయటికి తీశాడు, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని, వాటి మీద నంబర్లను అవి వచ్చిన అట్టపెట్టె మీద నంబర్లతో ఒక్కొక్క అంకె సరిచూశాడు. సరిపోయాయి. కాస్త నిరాశగా కూడా అనిపించింది, ఎందుకు దాచడం. మళ్లీ పెట్టేశాడు, అదీ ఎంత పద్ధతిగా పెట్టాడని, అల్లుడిలాగా మధ్యలో ఖాళీలు వదిలి కాదు, వరస అన్నాక ఒకటి నుంచి మొదలుపెట్టాలి కదా, ఒకటి, రెండు, బొటనవేలితో నొక్కితే టక్కుమని కూర్చున్నాయి, స్క్రూలు నాలుగూ బిగించాడు, వేలిముద్రలు కూడా తుడిచేశాడు. కూతురికి చెప్పలేదు, సరిగ్గా ఉన్నాయని ఇంటింటికీ చెప్పుకుంటూ తిరగం కదా. అంటే గురువారం నాటికి వస్తువు సరిగ్గా ఉంది. వేగం పడిపోయింది శుక్రవారం నుంచి. అంటే మార్చడం గురువారం రాత్రి జరిగింది. ఎంత చక్కగా అమరిందో చూడండి కేసు. కూతురు లేవగానే, అల్లుడు రాగానే, ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి అడిగేస్తాడు ఇవాళ. ఎనభై ఎనిమిది.

ఇక సాక్ష్యం ఒక్కటే తక్కువ. పెట్టె ముట్టుకోవద్దంది కానీ పుస్తకం ముట్టుకోవద్దనలేదు కదా. అల్మారా కింది అరలో, మదర్‌బోర్డుతో పాటు వచ్చిన పుస్తకం ఉంది. చప్పుడు కాకుండా తెచ్చుకుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, సింగిల్ అన్న మాట కోసం వెతికాడు. దొరికింది. ఇన్‌స్పెక్టరుకు చట్టం పుస్తకాలు చదివి అలవాటు, ఇదేమంత కష్టం కాదు. ప్రాసెసర్ నుంచి మెమరీకి రెండు దారులు ఉంటాయట. ఆ దారినే ఛానెల్ అంటారట. నాలుగు గాడుల్లో మొదటి రెండూ ఒక దారికి తగిలించినవి, చివరి రెండూ ఇంకో దారికి తగిలించినవి. రెండు స్టిక్‌లూ ఒకే దారి మీద పెడితే రెండూ పనిచేస్తాయి, ఉన్నదంతా ఉన్నట్టే చూపిస్తుంది, కానీ ప్రాసెసర్‌కు రాకపోకలన్నీ ఆ ఒక్క దారి మీదే, రెండో దారి ఖాళీగా పడుంటుంది. ఒక్కో దారికి ఒక్కోటి పెడితే రెండు దారుల మీదా ఒకేసారి తెచ్చుకుంటుంది. బొమ్మలకు విడిగా కార్డు లేని మిషన్లో బొమ్మల పని కూడా ఈ మెమరీతోనే కాబట్టి తేడా ఇంకా బాగా తెలుస్తుందట. ఇన్‌స్పెక్టరుకు ఇది ఠక్కున అర్థమైంది. రెండు పళ్లేలున్న తక్కెడలో రెండు రాళ్లూ తెచ్చి ఒకే పళ్లెంలో పడేస్తే ఏమవుతుంది! రాళ్లు మంచివే, తక్కెడా మంచిదే, పెట్టినవాడు వెధవ. అల్లుడు వెధవ. పేజీ తిప్పాడు. అక్కడ బొమ్మ ఉంది. నాలుగు గాడులు, బాణం గుర్తులు. రెండు స్టిక్‌లు మాత్రమే ఉంటే రెండో గాడిలో ఒకటి, నాలుగో గాడిలో ఒకటి. మధ్యలో ఖాళీ.

ఆయన ముందు పుస్తకాన్ని అనుమానించాడు. అట్ట మీద పేరు చూశాడు, పెట్టెలోపలి బోర్డు మీద పేరుతో సరిచూశాడు, అదే. ఎటునుంచి లెక్కపెట్టాలో అని అనుమానించాడు, ప్రాసెసర్ వైపు నుంచి అని బాణం వేసి మరీ ఉంది, పుస్తకం తలకిందులు చేసినా అలాగే ఉంది. అచ్చుతప్పు అనుకున్నాడు, కింద ఇంకో నాలుగు భాషల్లో అదే ఉంది. ఆ ఆదివారం అల్లుడు పెట్టింది రెండు, నాలుగు. తెర మీద ఆ రోజు ఏం రాసి ఉందో తెలియదు గానీ, రెండు వారాలు కూతురు ఎంత సంబరపడిందో తెలుసు, చిటికెలో అయిపోతోంది నాన్నా అని. ఇప్పుడు అద్దంలోంచి కనపడుతున్నది ఒకటి, రెండు. గురువారం. కిటికీ దగ్గర వెలుతురు. టక్. టక్. వేలిముద్రలు కూడా తుడిచేశాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. పక్కగదిలో కూతురు మసలితే తేలు కుట్టిన దొంగలా బిగుసుకున్నాడు. కంప్యూటరు మారలేదు, ర్యామ్ మారలేదు, పిల్లవాడు మార్చలేదు. ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురు. స్క్రూడ్రైవరు పట్టుకునేవాళ్లు ఇద్దరు. ఇవాళ మధ్యాహ్నం అద్దంలోంచి ఒకటి, రెండు చూసి, తను పెట్టింది రెండు, నాలుగు అని గుర్తు తెచ్చుకుని, అప్పుడు కదా తలెత్తి మావయ్య కళ్లలోకి చూశాడు అల్లుడు. చూసి, పొరపాటు నాదే అన్నాడు.

ఎందుకన్నాడు? ఇదీ ఒక ఎత్తేమో. మావయ్యను గుప్పిట్లో పెట్టుకుందామనా, రేపెప్పుడైనా వాడుకోవడానికి దాచుకున్నాడా. లేకపోతే ముసలాడు ఏం చేస్తాడో చూద్దామని పరీక్షా. ఇన్‌స్పెక్టరు ఆ మాటనూ అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు, తూకం రాయి అడుగు చూసినట్టు అడుగు చూశాడు. అడుగు చూడటం అన్న మాట దగ్గర ఆలోచన ఆగిపోయింది, ఆయన వద్దనుకున్నా సర్వీసు రోజుల నాటి మేకుల కొట్టాయన ఒకడు గుర్తుకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బక్కపల్చటి మనిషి, చేతులకు ఎప్పుడూ తుప్పు రంగు. ఆ మనిషి అయిదు కిలోల రాయి తక్కువ తూగిందని తక్కెడతో సహా పట్టుకుని సీలు వేశాడు ఈయన, పాతికేళ్ల కిందట. "మీ రాయి కూడా ఒకసారి చూసుకోండి సార్," అని ఆ మనిషి మూడుసార్లు అన్నాడు, అరవలేదు, బతిమాలినట్టు అన్నాడు. రెండు నెలల తర్వాత చూసుకున్నాడు. శాఖవారి రాయి అడుగున, సీళ్లు వేసే లక్క కారి గడ్డకట్టి ఉంది, బొటనవేలి గోరంత. గోటితో గీకేశాడు. రాయి తుడిచి పెట్టెలో పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా చెప్పలేదు, ఆ వీధిలోంచి వెళ్లడం మానేశాడు, కొన్నాళ్లకు ఆ కొట్టు తలుపులు వేసి ఉండటం బస్సులోంచి చూశాడు, ఇంకేదో కారణం అయ్యుంటుంది అనుకున్నాడు. అప్పుడు మాత్రం అనుమానం రాలేదు ఆయనకు. తన మీద తనకు అనుమానం రావడానికి ఇంత వయసు పట్టింది.

తొంభై ఆరు. చెప్పకపోతే ఏం పోతుంది? అల్లుడు సాయంత్రం వస్తాడు, రెండు, నాలుగు గాడుల్లో పెట్టేస్తాడు, మిషన్ మళ్లీ పరిగెడుతుంది, వాడు ఎలాగూ నోరు విప్పడు. కూతురు కొన్నాళ్లు మొగుడి మీద కోపంగా ఉంటుంది, ఆడపిల్లల కోపాలు ఎంతకాలం ఉంటాయి అనుకోబోయి, అనుకోలేకపోయాడు. ఎందుకంటే అది కోపం కాదు. ఆయనకు బాగా తెలుసు అదేమిటో. అన్నం వడ్డించి లేచిపోవడం, మొగుడి ఫోను మోగితే ఎవరు అన్నట్టు తలెత్తడం. ఊరికే అన్న మాటను వారం రోజులు తిప్పి చూడటం. తన గుణమే, తన చేత్తోనే బిడ్డకు అందించాడు, రోజుకొక చుక్క. తొంభై తొమ్మిది దగ్గర ఆ గీత మళ్లీ చాలాసేపు ఆగింది, తర్వాత నిండింది. అయిదూ ఇరవై ఆరు. ఆయన లేచి పక్కగదిలోకి వెళ్లి కూతుర్ని భుజం తట్టి లేపాడు.

పంపించడం అయ్యేసరికి ఆరుకు పావు తక్కువైంది. అందిందని స్టూడియో నుంచి జవాబు రాగానే కూతురు రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కాసేపు కూర్చుంది. అప్పుడే అల్లుడు వచ్చాడు. చొక్కా నిండా గ్రీజు మరకలు, చేతిలో చిన్న స్క్రూడ్రైవరు.

"అయిందా?" అన్నాడు గుమ్మంలోంచే.

"అయింది. నీ దయ వల్ల మాత్రం కాదు," అంది కూతురు, తిరిగి చూడకుండా. "రేపు దీన్ని తీసుకెళ్లి దుకాణంలో ఇచ్చేస్తాను. నువ్వు చెయ్యి పెట్టొద్దు."

"సరే."

"సరే ఏంటి సరే! రెండు వారాలు నాకు పని చేతకావట్లేదేమో అని ఏడ్చాను తెలుసా. ఒక్కసారి వంగి చూస్తే ఏం పోయేది నీకు?"

"చూడలేదు. తప్పే," అన్నాడు అల్లుడు గోడకేసి చూస్తూ.

"అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అల్లుడు చటుక్కున ఇటు తిరిగి, "మావయ్యా, టీ తాగారా? పెట్టనా?" అన్నాడు.

"వద్దు బాబూ. ఉండు." ఆయన లేచి నిలబడ్డాడు, కుర్చీ వీపు పట్టుకుని. "అమ్మా, మీ ఆయన సరిగ్గానే పెట్టాడు. తీసి తప్పు పెట్టింది నేను. పోయిన గురువారం కాక అంతకుముందు గురువారం, మీరు లేనప్పుడు."

కూతురు కుర్చీతో సహా ఇటు తిరిగింది. తండ్రి మొహం చూసింది, మొగుడి మొహం చూసింది, మళ్లీ తండ్రి మొహం చూసింది. "నువ్వా? నువ్వెందుకు తీశావు నాన్నా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ముసలాళ్లు ఏదో ఒకటి కెలుకుతూనే ఉంటారు, ఎవరూ తప్పుపట్టరు. అల్లుడు కూడా అదే చెప్పమన్నట్టు తల ఆడిస్తున్నాడు.

"మీ ఆయన మంచివి మార్చేసి పాతవి పెట్టాడేమోనని," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నంబర్లు సరిచూద్దామని తీశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ సంగతి నీకు చెప్పలేదు. పైగా మారిపోయి ఉంటాయి చూసుకో అని రోజూ నీకు నూరిపోశాను."

అల్లుడు చేతిలోని స్క్రూడ్రైవరును బల్ల మీద మెల్లగా పెట్టాడు. తలెత్తి ఆయన కళ్లలోకి చూశాడు, ఈసారి రెప్పపాటు కాదు, చాలాసేపు.

"దుమ్ము తుడవడానికి తీసుంటారనుకున్నాను మావయ్యా," అన్నాడు.